చివర్లో ఇద్దరిని కూర్చోబెడితే డిఫెక్టులు తగ్గవు

'అసెంబ్లీ లైనులో డిఫెక్టులు, వాటి ఖర్చు తగ్గాలంటే ఇన్‌స్పెక్షన్ పెంచాలా?' అని అడిగారు. వద్దండీ. మేం పెంచి చూశాం.

అప్పట్లో నేను చిన్న పంపులు బిగించే లైనులో సూపర్‌వైజర్ని. పంపు మూతకు నాలుగు స్క్రూలు, ఒక్కో స్క్రూ కింద ఒక స్ప్రింగ్ వాషరు. ఎప్పుడో ఒకసారి ఒక వాషరు పడేది కాదు. టెస్టులో ఏ తేడా తెలిసేది కాదు. కొన్నాళ్లు నడిచాక ఆ స్క్రూ వదులై నీళ్లు కారేవి. స్టేషన్‌లోనే, అంటే బిగించే చోటే దొరికితే వాషరు వేసి బిగిస్తే సరి. కస్టమరు దగ్గర బయటపడితే రవాణా, విప్పడం, కొత్త సీలు, పైగా చీవాట్లు.

మేనేజరు లైను చివర ఇద్దరు ఇన్‌స్పెక్టర్లను పెట్టారు. వాషరేమో స్క్రూ తల కింద నక్కి ఉంటుంది. రెండు గంటలు చూశాక ఏ కంటికైనా అన్ని పంపులూ ఒకేలా ఉంటాయి. పైగా మొదటివాడు 'రెండోవాడు చూస్తాడులే' అనుకునేవాడు, రెండోవాడు 'మొదటివాడు చూసే ఉంటాడు' అనుకునేవాడు. పంపులు తిరిగి వస్తూనే ఉన్నాయి.

చివరికి ఆ స్టేషన్‌లో బిగించే ఆవిడే అన్నారు: "డబ్బా నిండా వాషర్లు పోసి పెడితే ఎన్ని తీశానో నాకు మాత్రం ఎలా తెలుస్తుంది సార్? లెక్కపెట్టి నాలుగే ఇవ్వండి." ఒక చెక్కకు నాలుగు గుంటలు చేయించాం. గుంటలు నింపాకే పంపు ముట్టుకోవాలి. బిగించాక గుంటలో వాషరు మిగిలిందంటే మర్చిపోయినట్టే. ఆ ఫిర్యాదు మళ్లీ రాలేదు.

ఇదేం కొత్త కాదని తర్వాత తెలిసింది. 1961లో జపాన్‌లో షిగియో షింగో అనే ఇంజనీరు ఒక స్విచ్‌లోని రెండు స్ప్రింగులకు ఇదే చేయించారు: ముందు రెండూ చిన్న పళ్లెంలో పెట్టుకో, తర్వాత బిగించు. ఈ పద్ధతిని మొదట 'బకా యోకే' అనేవారు, 'బకా' అంటే తెలివితక్కువవాడు. ఒక కార్మికురాలు నొచ్చుకోవడంతో 'పోకా యోకే' అన్నారు, అంటే పొరపాటు జరక్కుండా చూసేది. మా మేనేజర్లు మాత్రం ఆ మొదటి పేరు దగ్గరే ఆగిపోయారు. ఏ రిజెక్షన్ రిపోర్టు తీసినా కారణం గడిలో 'ఆపరేటర్ నిర్లక్ష్యం'. గోడ మీద 'క్వాలిటీ మన బాధ్యత' అని పోస్టరు, దాని కింద బల్ల మీద లెక్కాపత్రం లేని వాషర్ల డబ్బా!

ఆ చెక్క ఐడియా పైకి వెళ్లిన రిపోర్టులో నా పేరే ఉంది. ఆవిడ పేరు రాయాలని అప్పుడు నాకూ తట్టలేదు.