టెక్ సందేహాలు: కొట్టులో ఒక లెక్క, ఇంట్లో ఇంకో లెక్క

ప్రశ్న: అంబాజీపేటలో మాది కొబ్బరి వ్యాపారమండి. కొట్టులో డెస్క్‌టాప్, ఇంటి దగ్గర ల్యాప్‌టాప్ ఉన్నాయి. ఎక్సెల్ లెక్కలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని రాత్రి ఇంట్లో పూర్తి చేస్తాను. మొన్న పాత ఫైల్‌ని కొత్తదాని మీద కాపీ చేసేశాను. రోజంతా రాసిన దింపు కూలీల లెక్క పోయింది. రెండు చోట్లా ఒకే ఫైల్ ఉండాలంటే ఏం చేయాలి? టాలీ (అకౌంట్లు రాసే సాఫ్ట్‌వేర్) డేటా కూడా అలాగే పెట్టుకోవచ్చా?

జవాబు: మీ ఫోల్డర్‌లో ‘లెక్కలు ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఇదే అసలుది’ అని మూడు ఫైళ్లు ఉండే ఉంటాయి. నా దగ్గరా ఉండేవి. రెండింట్లోనూ విండోస్ ఉంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల వన్‌డ్రైవ్ చాలు. ఫైళ్లని నెట్‌లో దాచి, రెండు కంప్యూటర్లలోనూ ఒకేలా ఉంచుతుంది. ఉచితంగా వచ్చే 5 జీబీ ఎక్సెల్ లెక్కలకు ఏళ్ల తరబడి సరిపోతుంది. గూగుల్ డ్రైవ్ 15 జీబీ ఇస్తుంది కానీ జీమెయిల్, ఫొటోలు కూడా అందులోనే వాటాకొస్తాయి. రెండు కంప్యూటర్లలోనూ ఒకే ఖాతాతో లాగిన్ అయి, లెక్కల ఫోల్డర్‌ని వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోకి మార్చేయండి. లెక్కలు నెట్‌లో పెట్టడం ఇష్టం లేనివాళ్లకి సింక్‌థింగ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అయితే రెండు కంప్యూటర్లూ ఒకేసారి ఆన్‌లో ఉండాలి. కొట్టు కట్టేశాక ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిచే మీకు అది కుదరదు.

అసలు చిక్కంతా కొట్టు కట్టేసే వేళే. సేవ్ కొట్టి వెంటనే స్విచ్ ఆపేస్తే కొత్త లెక్క ఇంకా నెట్‌లోకి ఎక్కదు. ఇంట్లో తెరిస్తే మధ్యాహ్నం నాటి ఫైలే కనిపిస్తుంది, మీరు దాంట్లోనే రాసుకుపోతారు. తెల్లారేసరికి రెండు ఫైళ్లు తయారు. ఒక్కోసారి ఒకదాని పేరు చివర కంప్యూటర్ పేరు కూడా తగిలించి ఉంటుంది. అందుకని ముందు ఎక్సెల్ మూసేయండి. గడియారం పక్కనున్న మబ్బు బొమ్మ నొక్కి, సింక్ (రెండు చోట్లా ఫైళ్లని ఒకేలా చేసే పని) పూర్తయిందని చూసుకున్నాకే షట్‌డౌన్ చేయండి.

ఇంకో మాట. కొట్టులోది పాత కంప్యూటరైతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి పోతోందేమో చూడండి. పోతుంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ అయిపోయినట్టే. సీఆర్2032 అని అడిగితే ఇస్తారు. తేదీ తప్పితే లాగిన్‌లు మొరాయిస్తాయి, ఏ ఫైల్ కొత్తదో తేల్చడంలోనూ తేడాలొస్తాయి.

టాలీ డేటా మాత్రం వద్దు. టాలీ నడుస్తున్నంతసేపూ ఒకే కంపెనీకి చెందిన బోలెడు ఫైళ్లు మారుతుంటాయి. సింక్ వాటిలో కొన్నిటిని ముందు, కొన్నిటిని వెనక పట్టుకెళ్తే డేటా పాడవుతుంది. టాలీలోనే బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్‌ని వన్‌డ్రైవ్‌లో పెట్టండి. ఇంట్లో రీస్టోర్ చేసుకుని చూసుకోండి, ఎంట్రీలు కొట్టకండి.

పెన్‌డ్రైవ్ పారేయకండి. సింక్ కాలువలాంటిది. పైన బురద కలిస్తే కింది చేనుకీ బురదే వస్తుంది. వేసవిలో కాలువలు కట్టేసే ముందు మంచినీళ్ల చెరువు నింపుకుంటాం చూడండి, బ్యాకప్ అంటే అది. వారానికోసారి లెక్కల ఫోల్డర్‌ని తేదీ పేరుతో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, కంప్యూటర్ నుంచి పీకి బీరువాలో పెట్టండి.

ప్రశ్న: నరసాపురంలో లేసు పని చేయిస్తుంటాను. ల్యాప్‌టాప్‌లో చోటు లేదని వన్‌డ్రైవ్‌లోని డిజైన్ల ఫొటోలు డిలీట్ చేస్తే, షాపు కంప్యూటర్‌లోనూ మాయమయ్యాయి!

జవాబు: కంగారు పడకండమ్మా. బ్రౌజర్‌లో వన్‌డ్రైవ్ తెరిచి రీసైకిల్ బిన్ చూడండి. సొంత ఖాతా అయితే డిలీట్ చేసినవి 30 రోజులు అక్కడ ఉంటాయి. రీస్టోర్ నొక్కితే రెండు చోట్లకీ వచ్చేస్తాయి. ఈసారి చోటు కావాలంటే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కండి. ఫొటోలు నెట్‌లో ఉంటాయి, ల్యాప్‌టాప్‌లో పేర్లు మాత్రం కనిపిస్తాయి. నెట్ లేనప్పుడు కూడా కస్టమర్‌కి చూపించాల్సిన డిజైన్లకి ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ పెట్టుకోండి.