‘సెప్టిక్ ట్యాంకు ఫ్రీ’ అన్న కొటేషన్‌కు సరే అనవచ్చా?

సందేహం: మాది గుంటూరు జిల్లాలో పదో తరగతి వరకు ఉన్న ప్రైవేటు స్కూలు. మా మామగారు పోయాక కరస్పాండెంట్‌గా నేనే చూసుకుంటున్నాను. 2023 జూన్‌లో క్లీనింగ్ పని ఒకాయనకు అప్పగించి 60 వేలు అడ్వాన్సు ఇచ్చాను. ఆగస్టు 14న, తెల్లారితే జెండా పండగ అనగా, మనుషుల్ని తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి నేనూ మా ఆయమ్మా బాత్రూములు కడుక్కున్నాం. తల్లిదండ్రుల మాటలు పడలేక ఎన్ని రాత్రులు ఏడ్చానో. ఈ జూన్ నుంచి కొత్త ఏజెన్సీని పెట్టాలి. ఒకరు నలుగురు మనుషులకు నెలకు 28 వేలు అన్నారు, ఏడాదికోసారి సెప్టిక్ ట్యాంకు క్లీనింగ్ ఫ్రీ అట. ఇంకొకరు 58 వేలు, పైన 18 శాతం జీఎస్టీ అన్నారు. తక్కువ చెప్పినవాళ్లతో ‘స్కూలుకు ఎలాంటి బాధ్యతా లేదు’ అని స్టాంపు పేపరు మీద రాయించుకుంటే చాలా? పాత అడ్వాన్సు వస్తుందా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. మూడు పేజీల నిండా పాత కాంట్రాక్టరు చేసిన మోసమే. అసలు విషయం మాత్రం మీరు జత చేసిన కొటేషన్ ఫొటోలో అట్టడుగున ఉంది. ‘సెప్టిక్ ట్యాంకు క్లీనింగ్ (మనుషులతో) ఉచితం’. బ్రాకెట్లో ఉన్న మాట చూశారా? చూడలేదని మీ వాట్సాప్ స్క్రీన్‌షాట్ చెబుతోంది. దాని కింద మీరు ‘సరే అండీ, సెలవుల్లో చేయించండి’ అని జవాబిచ్చారు.

2013లో వచ్చిన మాన్యువల్ స్కావెంజింగ్ (మనుషుల చేత మలం ఎత్తించడం) నిషేధ చట్టం 7వ సెక్షన్ ప్రకారం మురుగు కాలువనో సెప్టిక్ ట్యాంకునో ప్రమాదకర పద్ధతిలో శుభ్రం చేయడానికి మనిషిని ఎవరూ పెట్టకూడదు. నేరుగా పెట్టినా, ఇంకొకరి ద్వారా పెట్టినా తప్పే. మీ స్టాంపు పేపరు ఎందుకూ పనికిరాదని చెప్పేది ఆ ‘ఇంకొకరి ద్వారా’ అన్న మాటే. రక్షణ సామగ్రి, యంత్రాలు ఇవ్వకుండా మనిషి చేత చేయించేదే ప్రమాదకర పద్ధతి. నెలకు ఏడు వేల మనిషిని పంపేవాడు ఆక్సిజన్ సిలిండరు, మాస్కు, గ్యాస్ కొలిచే మీటరు తెస్తాడని మీరు నమ్ముతున్నారా? తాడు, బకెట్, ఒక సీసా సారా, అంతే తెచ్చేది.

మొదటిసారికి రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఐదేళ్లు, ఐదు లక్షలు. పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, బెయిలు హక్కుగా రాదు. చట్టం వద్దన్న పనికి రాసుకున్న ఒప్పందం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం చెల్లదు. దిగే మనిషి ‘నా ఇష్టంతోనే దిగుతున్నా’ అని వేలిముద్ర వేసినా మీకు రక్షణ లేదు.

‘మూడు నెలలు గడిస్తే ఏ కేసూ ఉండదని మా ఆడపడుచు భర్త అంటున్నారు’ అని కూడా రాశారు. ఆయన సగం చదివారు. ఈ చట్టం కింద ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలన్నది నిజమే, 10వ సెక్షన్‌లో ఉంది. కానీ లోపల మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద, నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనందుకు, మరో కేసు వస్తుంది. దానికి శిక్ష ఐదేళ్ల వరకు. మూడేళ్లు దాటిన శిక్ష ఉన్న నేరానికి కాలపరిమితి ఉండదు. ఇలాంటి మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలుగా, 2023 అక్టోబరు 20న 30 లక్షలుగా నిర్ణయించింది. ముందు ప్రభుత్వమే కట్టినా, ఆ తర్వాత మీ దగ్గర రాబట్టుకునే ప్రయత్నం చేయదనుకోవద్దు.

ఆ వాట్సాప్ మెసేజీని డిలీట్ చేయాలని ఇప్పటికే అనిపించి ఉంటుంది. చేయకండి. మీ ఫోన్లో పోయినా వాళ్ల ఫోన్లో ఉంటుంది. అప్పుడు దాచినట్టు కూడా అవుతుంది. ఈరోజే అదే నంబరుకు ఇలా రాయండి: ‘సెప్టిక్ ట్యాంకు పని మాకు అక్కర్లేదు. మా ఆవరణలో ఏ మనిషినీ ట్యాంకులోకి దింపడానికి అనుమతి లేదు.’ ఇదే మాట రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు ఫైల్లో పెట్టుకోండి. ట్యాంకు నిండితే మున్సిపాలిటీ సక్షన్ బండి పిలిపించండి, పైపు వేసి లాగేస్తారు. ఎవరిని అడగాలో తెలియకపోతే 14420 హెల్ప్‌లైన్ ఉంది. బండి బిల్లు, తేదీ, మూత తీసిన ఫొటో జాగ్రత్త చేయండి.

ఇక 28 వేల లెక్క. నలుగురికి పంచితే మనిషికి ఏడు వేలు, అదీ ఏజెన్సీ పైసా మిగుల్చుకోకపోతే. రోజుకు ఎనిమిది గంటల పనికి కనీస వేతనం అంతకంటే చాలా ఎక్కువ. ఏటా ఏప్రిల్, అక్టోబరుల్లో కరువు భత్యం మారుతుంది, జిల్లా కార్మిక శాఖ ఆఫీసులో తాజా పట్టిక దొరుకుతుంది, తెచ్చుకోండి. ఏడు వేలు అన్నాడంటే పీఎఫ్, ఈఎస్ఐ కట్టే ఉద్దేశమే ఆ కాంట్రాక్టరుకు లేదు. అతను ఎగ్గొడితే ఆ బకాయి ముందు కట్టాల్సింది స్కూలే. చట్టం భాషలో ప్రిన్సిపల్ ఎంప్లాయర్, అంటే అసలు యజమాని, మీరు. కట్టాక కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవచ్చు, అతను దొరికితే. 2025 నవంబరు 21న లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చినా ఈ సూత్రం మారలేదు.

‘మా స్టాఫ్ 18 మందే, 20 మంది ఉంటేనే కదా పీఎఫ్’ అన్నారు. కాంట్రాక్టరు ద్వారా మీ ఆవరణలో పనిచేసేవాళ్లూ ఆ లెక్కలోకి వస్తారు. 18కి నలుగురు కలిస్తే 22. ఈఎస్ఐకి పదిమందే చాలు, అదెప్పుడో దాటారు. నెల జీతం 21 వేల లోపు ఉన్నవారికి యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. ఈ కొద్ది మొత్తానికి ఎగ్గొట్టి, మెట్లు కడుగుతూ జారిపడిన మనిషి ఆస్పత్రి ఖర్చు మొత్తం భరించిన యాజమాన్యాలను చూశాను.

ఇప్పుడు మీరు ఖరీదని పక్కన పెట్టిన కొటేషన్ తీయండి. 58 వేలకు 18 శాతం కలిపి 68,440 రూపాయలు వేశారు. ఆ 10,440 ఎందుకు? 12వ తరగతి వరకు ఉన్న స్కూలు ఆవరణలో చేసే క్లీనింగ్, హౌస్ కీపింగ్ సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది. 2017 నాటి 12/2017 నోటిఫికేషన్‌లో స్పష్టంగా రాసి ఉంది. మీది పదో తరగతి వరకే. ఏజెన్సీకి ఆ నోటిఫికేషన్ నంబరు రాసి కొటేషన్ మార్చి ఇమ్మనండి. ఇవ్వనంటే మూడో ఏజెన్సీని వెతుక్కోండి.

ఎంపికలో నేను ముందు అడిగే కాగితం ఒక్కటే. గత మూడు నెలల పీఎఫ్ ఈసీఆర్, అంటే ఏ కార్మికుడికి ఎంత పీఎఫ్ కట్టారో చూపే నెలవారీ జాబితా, పేర్లతో సహా. చాలామంది చలాను ఒక్కటే చూపిస్తారు. అందులో మొత్తం ఉంటుంది, ఎవరి కోసం కట్టారో ఉండదు. వేరే ఆస్పత్రిలోనో అపార్టుమెంటులోనో పనిచేసేవాళ్లకు కట్టిన చలాను తెచ్చి మీ స్కూలుకు కట్టినట్టు చూపించవచ్చు. మీ దగ్గరికి వచ్చే నలుగురి ఆధార్, యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబర్లు ముందే తీసుకుని, ప్రతి నెలా ఆ జాబితాతో సరిచూసిన తర్వాతే బిల్లు చెల్లించండి. ఒప్పందంలోనూ అదే రాయండి: జీతాలు బ్యాంకు ఖాతాలో పడ్డట్టు రుజువు, ఈసీఆర్, ఈఎస్ఐ చలాను ఇస్తేనే ఆ నెల చెల్లింపు. ‘స్కూలుకు బాధ్యత లేదు’ అన్న వాక్యం కంటే ఇదే మిమ్మల్ని కాపాడుతుంది. పిల్లల మధ్య తిరిగే మనుషులు కాబట్టి పోలీసు వెరిఫికేషన్ కాపీ లేనిదే గేటు లోపలికి రానివ్వకండి. యాసిడ్ సీసాలకు తాళం, తాళం చెవి ఆఫీసులో. అడ్వాన్సు ఇవ్వకండి.

చివరికి పాత 60 వేలు. ఇక్కడ మిమ్మల్ని మందలించక తప్పదు. 40 వేలు నగదుగా, రసీదు లేకుండా ఇచ్చారు. మిగతా 20 వేలు ఫోన్‌పే. ఒప్పందం కాగితమే లేదు. ‘దసరాకి ఇచ్చేస్తానమ్మా’ అన్న వాయిస్ మెసేజ్ ఉందని రెండేళ్లుగా కూర్చున్నారు. దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువు పెరగాలంటే బాకీ ఒప్పుకుంటూ సంతకం పెట్టిన రాత ఉండాలి. వాయిస్ మెసేజ్‌తో ఆ పని జరగదు. లీగల్ నోటీసు ఇచ్చినా గడువు పెరగదు. ఒప్పందం తప్పిన రోజు 2023 ఆగస్టు 14 కాబట్టి ఈ ఆగస్టు 14తో మూడేళ్లు నిండుతాయి. ఆ తర్వాత ఎంత ఏడ్చినా కోర్టు వినదు.

చీటింగ్ కేసు పెట్టి ఎస్‌ఐ గారి ద్వారా వసూలు చేయిద్దాం అన్న సలహా ఎవరో ఇచ్చారట. రెండు నెలలు పని చేసి మానేసినవాడు మొదటి రోజు నుంచీ మోసం చేయాలనుకున్నాడని రుజువు చేయడం కష్టం. స్టేషన్ చుట్టూ తిరిగేలోగా ఆగస్టు 14 వెళ్లిపోతుంది.

ఇవి చేయండి. ఆ 20 వేల లావాదేవీకి బ్యాంకు నుంచి స్టేట్‌మెంట్ తీసుకోండి. వాయిస్ మెసేజ్ ఉన్న ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జత చేసే ధ్రువపత్రం) దాన్ని కోర్టులో పెట్టాలి. నగదు ఇచ్చినప్పుడు పక్కన ఉన్న మీ అకౌంటెంటు సాక్షి. ఇవన్నీ పట్టుకుని ఈ నెలలోనే మీ ఊళ్లో లాయరును కలిసి నోటీసు ఇప్పించండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జూనియర్ డివిజన్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేయించండి. రాజీ కుదురుతుందనిపిస్తే దావాకు ముందే మండల న్యాయ సేవా కమిటీలో అర్జీ పెట్టుకోవచ్చు, ఫీజు ఉండదు. అయితే అర్జీ పెట్టాం కదా అని దావా ఆపకండి, జులై నెలాఖరుకు ఫైలింగ్ నంబరు మీ చేతిలో ఉండాలి.