వివరించడం ఎవరికి?

సందేహం: 'వినదగు నెవ్వరు చెప్పిన, వినినంతనె వేగపడక వివరింపదగున్' అన్న సుమతీ పద్యంలో 'వివరింపదగున్' అంటే, విన్నదాన్ని పదిమందికీ విడమరిచి చెప్పమనేనా?
- ఒక పాఠకురాలు

సమాధానం: కాదమ్మా. ముందు మనకు మనం విప్పి చూసుకోమని. సంస్కృతంలో 'వృ' ధాతువుకు, అంటే క్రియకు మూలమైన రూపానికి, కప్పడం అని ఒక అర్థం. కప్పేది ఆవరణం, ఆ కప్పు తీసేది వివరణం. రంధ్రాన్ని వివరమనడమూ అందుకే. చెవి రంధ్రం కర్ణవివరం. వివరాలు చెప్పడమన్నది నేటి వాడుక, అదీ తప్పు కాదు. కానీ 'కని కల్ల నిజము తెలిసిన' అని వెంటనే అంటున్న కవి, కల్లో నిజమో తేలని మాటను చాటమని ఎలా అంటాడు? మనం మాత్రం మెసేజ్ సగం చదివి ఫార్వర్డ్ కొట్టేస్తున్నాం.

అదే 'వృ'కు కోరుకోవడం అనే అర్థమూ ఉంది. వరం, వరుడు, స్వయంవరం అలా వచ్చినవే. స్వయంవరం అనగానే నాకు దమయంతి గుర్తుకొస్తుంది. ఎదుట ఒకే పోలికతో ఐదుగురు నలులు. అందులో నలుగురు ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు. పెద్దలు చెప్పగా విన్న దేవతల గుర్తులు ఎంత చూసినా ఆనలేదు. తన సత్యం మీద ఆన పెట్టి వేడుకుంటే అప్పుడు కనబడ్డాయి: రెప్ప వెయ్యని కళ్లు, వాడని దండలు, నేలకు తగలని పాదాలు. చెమట పట్టి, దండ వాడి, నీడ పడుతున్నవాడు ఒక్కడే. అతణ్నే వరించింది.

దేవతలను కాదన్నందుకు కలి పగబట్టాడు. జూదంలో రాజ్యం పోయింది. నిద్రపోతున్న ఆమెను అడవిలో విడిచి వెళ్లింది ఆ నలుడే. శ్రీనాథుని నైషధం ఈ కష్టాల జోలికి పోదు. నన్నయ అరణ్యపర్వంలో అంతా చెబుతాడు. అందుకే నాకు నన్నయ మీద మక్కువ. బాగా ఆలోచించి ఎంచుకున్నా కష్టం రావచ్చునని ఆ కథ దాచిపెట్టదు. తర్వాత నలుడే కురూపి బాహుకుడిగా ఎదురైనప్పుడు కూడా దమయంతి తొందరపడదు. చెలికత్తె కేశినిని పంపి అతని తీరు గమనింపజేస్తుంది, అతను వండినది తెప్పించి రుచి చూస్తుంది. వివరించడమంటే అదీ.

   

పద్యంలో మాత్రం విచారించడమే ప్రధానార్థం. తాను తేల్చుకున్నాక ఇతరులకు చెప్పడమూ అందులో ఇమిడి ఉందని ఎవరైనా అంటే, గట్టిగా కాదనను.