గీజర్ మార్చే ముందు

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. గీజర్ అరగంట వేసినా షవర్‌లో గోరువెచ్చటి నీళ్ళే వస్తున్నాయని, కొత్తది కొనేస్తానని నువ్వు పెట్టిన మెసేజ్ మీ అత్త చదివి వినిపించింది. కొంచెం ఆగు.

పర్లాకిమిడిలో పెరిగినవాడివి, సెమిలిగుడలో నీకిది మొదటి చలికాలం. అది ఒడిశాలో కోరాపుట్ కొండల మీద దాదాపు 900 మీటర్ల ఎత్తున్న ఊరు. మేడ మీద ట్యాంకులో నీళ్ళు తెల్లారేసరికి చెయ్యి పెట్టనివ్వవు. నీ 15 లీటర్ల గీజర్‌లో నీళ్ళు 60 డిగ్రీలు కాగాయనుకో. కలిపే చన్నీళ్ళు 25 డిగ్రీలుంటే 40 డిగ్రీల స్నానపు నీళ్ళు మహా అయితే 35 లీటర్లు వస్తాయి. అదే చన్నీళ్ళు 12 డిగ్రీలైతే దాదాపు 26 లీటర్లే. షవర్ కింద నిలబడితే అవి ఎంతసేపు? పైగా వోల్టేజీ 230 బదులు 180కి పడిపోతే 2000 వాట్ల కాయిల్ 1200 వాట్ల పని మాత్రమే చేస్తుంది. 24 నిమిషాల్లో కాగేవి 40 నిమిషాలు తీసుకుంటాయి. కాబట్టి ముందు ఓ రోజు ముప్పావుగంట వేసి చూడు, గీజర్ మీద వెలిగే దీపం ఆరేదాకా.

అయినా అంతేనా? అయితే నీళ్ళెక్కడ చల్లబడుతున్నాయో పట్టుకోవాలి. బాత్రూంలో వాష్ బేసిన్‌కి కూడా గీజర్ లైనుంటే దాని వేడినీళ్ళ కుళాయి తిప్పు. అక్కడ కాలుతూ వచ్చి షవర్‌లో రాకపోతే గీజర్ తప్పేం లేదు.

ఇక్కడే నేను మోసపోయాను. కోరాపుట్‌లో ఉన్నప్పుడు ఒక మెకానిక్ వచ్చి కాయిల్ పోయిందన్నాడు, మార్చాను. వారం తర్వాత నీళ్ళు కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ అన్నాడు, అదీ మార్చాను. నీళ్ళు మాత్రం అలాగే. ఆఖరికి ఒక ముసలి ప్లంబర్ గీజర్ స్విచ్ ఆపించి, దానికి చన్నీళ్ళు వెళ్ళే యాంగిల్ వాల్వు కట్టేసి, షవర్‌లో వేడి వైపు కుళాయి ఒక్కటే తిప్పాడు. గీజర్‌లోకి నీళ్ళే వెళ్ళనప్పుడు వేడి వైపు ఏమీ రాకూడదు కదా. ధారగా వచ్చాయి! షవర్‌లో వేడినీళ్ళు, చన్నీళ్ళు కలిపే మిక్సర్ కుళాయి లోపల వాషర్ అరిగిపోయి చన్నీళ్ళు వేడి లైన్లోకి దూరుతున్నాయి. ఆ వాషర్‌కి అయిన ఖర్చు మీ అత్తకి ఇప్పటికీ చెప్పలేదు, ముందు కాయిల్‌కి పోసిన డబ్బు గుర్తొస్తుందని.

నువ్వూ అదే పరీక్ష చెయ్యి. చేశాక వాల్వు మళ్ళీ పూర్తిగా తెరిచి, వేడి కుళాయిలో నీళ్ళు నిండుగా వచ్చాకే స్విచ్ వెయ్యి. ఖాళీ గీజర్ వేస్తే కాయిల్ నిజంగానే కాలిపోతుంది. అన్నట్టు, ఆ యాంగిల్ వాల్వు సగమే తెరిచి ఉందేమో కూడా చూడు, దాని వల్ల కూడా వేడినీళ్ళు సన్నగిల్లి చన్నీళ్ళదే పైచెయ్యి అవుతుంది. షవర్ చిల్లులు తెల్లగా పూడిపోతే విప్పి నిమ్మరసంలో రాత్రంతా నానబెట్టు.

బేసిన్‌లో కూడా గోరువెచ్చగానే వస్తే అప్పుడు గీజర్ సంగతి. బోరునీళ్ళ ఇళ్ళల్లో కాయిల్ మీద సున్నంలా పొర కడుతుంది. కాగేటప్పుడు టపటపమని చప్పుడొస్తే అదే అనుకో. మూత నువ్వు విప్పొద్దు. మిస్త్రీని పిలిచి, మెయిన్ బోర్డులో గీజర్ లైను ఎంసీబీ స్విచ్ ఆపించి, కాయిల్ శుభ్రం చేయించు. లోపలుండే మెగ్నీషియం కడ్డీ కూడా చూడమను. అది కరిగిపోతే ట్యాంకు తుప్పు పడుతుంది. లోపల ఒత్తిడి పెరిగితే వదిలే సేఫ్టీ వాల్వు నుంచి వేడెక్కేటప్పుడు చుక్కలు కారితే కంగారుపడకు, దానికి బిరడా మాత్రం కొట్టనివ్వకు. గీజర్‌నో నీళ్ళనో ముట్టుకుంటే కరెంటు కొంచెం కొట్టినట్టనిపించినా సరే, బాగుచేసేదాకా ఆ గీజర్ వాడొద్దు. బకెట్‌లో పొయ్యి మీద కాచిన నీళ్ళే పోసుకో.

ఆదివారం పరీక్ష చేసి ఏం తేలిందో ఫోన్ చెయ్యి. మీ అత్త ఎత్తితే కాయిల్ మాట ఎత్తకు.

మీ మావయ్య