జిట్రేగి పలకలు సాండర్‌లో పెట్టేముందు

చిట్టీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. కెంగేరిలో షెడ్డు అద్దెకు తీసుకున్నావట, సెలవు రోజుల్లో గిటార్లు చేస్తావట, డ్రమ్ సాండర్ కూడా కొనేశావట, అదే, శాండ్‌పేపర్ చుట్టిన డ్రమ్ కిందకు బెల్టు మీద చెక్కను పంపి అరగదీసే మెషిన్. విన్నప్పటి నుంచి సంతోషం సగం, టెన్షన్ సగం. బెంగళూరు పీణ్యలో ఫౌండ్రీలకు చెక్క ప్యాటర్న్‌లు (పోత అచ్చులకు వాడే నమూనాలు) చేసి బతికినవాణ్ణి. మన ఇంట్లో ఈ పని నాతోనే ఆగిపోతుందనుకున్నాను. నువ్వు చెక్క పట్టుకుంటున్నావంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఫోన్‌లో చెబితే మధ్యలోనే "యూట్యూబ్‌లో చూశాను మామయ్యా" అంటావు. అందుకే రాస్తున్నాను, పూర్తిగా చదువు.

ముందు దుమ్ము సంగతి. చిన్నప్పుడు నీకు ఉబ్బసం. రాజాజీనగర్ ఇంట్లో చలికాలం రాత్రుళ్లు నిన్ను భుజాన వేసుకుని మీ అమ్మా నేనూ వంతులవారీగా తిరిగేవాళ్లం. నీకు గుర్తుండదు. నీ ఛాతీలోంచి వచ్చే ఆ పిల్లికూతలు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి. చిత్రిక పడితే చుట్టలు చుట్టలుగా పొట్టు రాలి కింద పడుతుంది, ఊడ్చేస్తే పోతుంది. డ్రమ్ సాండర్ నుంచి వచ్చేది గాలిలో తేలే మెత్తటి పొడి. చెక్కపొడి మనుషుల్లో క్యాన్సర్‌కు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. జిట్రేగి (రోజ్‌వుడ్) పొడి చాలామంది చర్మానికీ ఊపిరికీ పడదు. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ తగిలించి సరిపెట్టుకోకు. 4 అంగుళాల పైపు పట్టే డస్ట్ కలెక్టర్ కొను. డబ్బు చాలకపోతే నాకు చెప్పు, మీ అమ్మకు తెలియనక్కర్లేదు. కలెక్టర్ ఉన్నా ఎన్95 మాస్కు పెట్టుకో. మెషిన్ ఆపిన వెంటనే తీసేయకు, ఆ పొడి కిందికి దిగడానికి చాలాసేపు పడుతుంది. ఆ కలెక్టర్ వచ్చేదాకా ఒక్క పలక కూడా పెట్టనని నాకు మాట ఇవ్వాలి.

బిగింపుల సంగతి మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. స్టాండు ఊగకూడదు, బెల్టు ఒక పక్కకు జరిగిపోకూడదు, శాండ్‌పేపర్ చుట్టు మీద చుట్టు ఎక్కకూడదు. పేపర్ మార్చేటప్పుడు ప్లగ్ పీకేయాలి. కొత్త పేపర్ వేడికి సాగుతుంది, కాసేపు నడిపాక ఆపి మళ్లీ బిగించు. బెల్టు కింద కూడా తుడుస్తూ ఉండు. అక్కడ చిన్న పుల్ల ఇరుక్కున్నా పైన పలక ఆ చోట లేస్తుంది, గుంట పడుతుంది.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెడుతున్న విషయం. నువ్వు పంపిన ఫోటోలో చూశాను, నీది ఒక పక్క తెరిచి ఉండే రకం. డ్రమ్‌కు లోపలి వైపు గట్టి ఆధారం ఉంటుంది, బయటి చివర స్తంభం ఉండదు. నేను పనిచేసిన ఒక షాపులో అలాంటిదే ఉండేది. ఒక పెద్దాయన అక్కడికి పాత బీరువా తలుపు పలక తెచ్చాడు. జిట్రేగి. వాళ్ల నాన్నగారు చేయించిన బీరువా అట, మిగతాదంతా పాడైపోయి ఆ ఒక్క పలక మిగిలింది. దాన్ని మందంలో రెండుగా కోయించి, పుస్తకం తెరిచినట్టు రేఖలు కలిసేలా అతికించి తెచ్చాడు. కూతురి గిటార్ వెనక భాగానికి 2.5 మి.మీ. మందానికి తెమ్మన్నాడు.

అంతకుముందు అదే మెషిన్ మీద ఒక భోజనాల బల్ల పైపలక సాండ్ చేశారు. డ్రమ్ కంటే వెడల్పైన పలకను ఒక సగం పంపి, తిప్పి రెండో సగం పంపుతారు. మధ్యలో గీత పడకుండా ఉండటానికి డ్రమ్ బయటి చివరను కొద్దిగా పైకి లేపుతారు. అది సరైన పద్ధతే. అక్కడ కొంచెం ఎక్కువే లేపారు, పని అయ్యాక తిరిగి దించలేదు. పెద్దాయన పలక పెట్టేముందు చిన్న ముక్కతో పరీక్ష చేశారు కూడా. కానీ దాన్ని లోపలి చివరన పెట్టి పంపారు, కొలత సరిగ్గా వచ్చింది. ఆ ధైర్యంతో పలక పంపితే ఒక అంచు 2.5, రెండో అంచు 2.8.

అక్కడ ఆపి ఉంటే చెక్క దక్కేది. డ్రమ్ సరిచేసి ఇంకోసారి పంపితే సరిపోయేది. మెషిన్ నడుపుతున్న మనిషి పలకను అటుదిటు తిప్పి మళ్లీ పంపాడు, మందంగా ఉన్న వైపు అరిగిపోతుందని. అరిగింది. రెండు అంచులూ 2.5 అయ్యాయి, మధ్యలో ఎత్తు నిలిచిపోయింది. ఆ ఎత్తు తీయాలని ఇంకొంచెం దించాడు, తిప్పాడు, మళ్లీ దించాడు. డ్రమ్ వాలుగా ఉన్నంతసేపు ఎన్నిసార్లు తిప్పినా ఎత్తు అలాగే ఉంటుంది, పలక మాత్రం పల్చబడుతూ పోతుంది. చివరికి అంచులు 1.8కి దిగాయి. పెద్దాయన కోప్పడలేదు. కూలి డబ్బులు కూడా ఇవ్వబోయాడు, యజమాని తీసుకోలేదు. డబ్బు ఎంత పెట్టినా ఆ పలక ఎక్కడ దొరుకుతుంది చెప్పు?

నీ దగ్గర కూడా తాతయ్య మంచం నుంచి తీసిన జిట్రేగి ఉందని మీ అమ్మ చెప్పింది. అందుకే ఇంత విడమరిచి రాస్తున్నాను. మెషిన్ ఆపి ఉన్నప్పుడు ఒకే మందం ఉన్న రెండు దిమ్మలు డ్రమ్ కింద చెరో చివర పెట్టి చూడు, పెద్ద తేడా ఉంటే అప్పుడే తెలుస్తుంది. దానితో తృప్తిపడకు, చెక్క దూరినప్పుడు పడే ఒత్తిడికి బయటి చివర కొద్దిగా లేవొచ్చు. ఒకే చెక్క నుంచి ఒకే వెడల్పున్న రెండు పట్టీలు కోసి, ఒకటి లోపలి అంచున, ఒకటి బయటి అంచున పెట్టు. ఎత్తు మార్చకుండా రెండూ పంపి వర్నియర్‌తో (సన్నటి కొలతలు చూపే పరికరం) మందం కొలువు. తేడా 0.05 మి.మీ. లోపలికి వచ్చేదాకా సరిచేస్తూ మళ్లీ మళ్లీ పంపు. పేపర్ నంబరు మార్చిన ప్రతిసారీ, వెడల్పు పలక చేసిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయాలి. విసుగనిపిస్తుంది, అయినా చేయి. మెషిన్ మీద ఉన్న స్కేలు చూసి మందం నిర్ణయించకు. పలక నాలుగు మూలలా, మధ్యలో కొలిచి, పెన్సిల్‌తో ఆ పలక మీదే రాసుకో.

పల్చటి చెక్కకు ఆశపడి ఎక్కువ లోతు పెట్టకు. 120 నంబరు పేపర్‌తో ఒక్కోసారికి 0.1 మి.మీ. చాలు. జిట్రేగిలో నూనె ఉంటుంది, పేపర్ పూడుకుపోయి నల్లటి చారలు పడతాయి. అలా పడితే లోతు తగ్గించు, బెల్టు వేగం కొంచెం పెంచు, రబ్బరు కడ్డీతో పేపర్ శుభ్రం చేయి. ఒక పక్కే అరగదీయకు, తిప్పుతూ రెండు వైపులా సమానంగా తీయి. లేకపోతే వేడికి పలక వంగిపోతుంది. తీసిన పలకలను బల్ల మీద పరిచి వదిలేయకు, రెండు వైపులా గాలి తగిలేలా నిలబెట్టు. చివరి కొలత దగ్గర ఎత్తు మార్చకుండా ఇంకోసారి పంపు. కావాల్సింది 2.5 అయితే 2.7 దగ్గర ఆపేసి, మిగతాది స్క్రేపర్‌తో (చెక్కను గీకే ఉక్కు రేకు) చేత్తో తీసుకో.

3 మి.మీ. కంటే పల్చనైతే పలకను ఒంటరిగా పంపకు. కింద 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపీచు నొక్కి చేసిన పలక) ముక్క పెట్టు, పలక వెనక చివరకు ఆనేలా ఆ ఎండీఎఫ్ మీద పలక కంటే పల్చటి పట్టీ అతికించు. డ్రమ్ తిరిగేది బెల్టుకు ఎదురుగా కాబట్టి చెక్కను నీ వైపే తోస్తుంది. అందుకే ఎప్పుడూ ఎదురుగా నిలబడకు, పక్కకు ఉండు. పుస్తకంలో రాసిన కనీస పొడవు కంటే పొట్టి ముక్కలు అసలే పెట్టకు. జుట్టు ముడేసుకో, చున్నీ ఇంట్లో వదిలేసి వెళ్లు, గ్లౌజులు వేసుకోకు.

ఇంకోటి. కొత్త జిట్రేగి కొంటే బిల్లు పారేయకు. 2017 నుంచి ఆ జాతి మొత్తం సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది. తయారైన వాయిద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు, అయినా చెక్క ఎక్కడిదో చూపడానికి బిల్లు ఉండటం మంచిది. చెక్కలో తేమ గురించి సందేహం వస్తే మల్లేశ్వరంలో వుడ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, వెళ్లి అడుగు, మొహమాటపడకు.

ఈ వారం ఆ రెండు పట్టీల పరీక్ష కోసం పనికిరాని చెక్క, వర్నియర్ సిద్ధం చేసుకో. తాతయ్య చెక్క మాత్రం నేను వచ్చేదాకా ముట్టుకోవద్దు. ఆదివారం పొద్దున్నే రాజాజీనగర్‌లో మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో మారి వస్తాను, నా డయల్ గేజ్ కూడా తెస్తాను. ఈలోపు రెండు మూడు షాపుల్లో డస్ట్ కలెక్టర్ రేట్లు అడిగి ఉంచు.

నీ మామయ్య