డబ్బు కట్టి తెప్పించిన రిపోర్టులో పెళ్లికొడుకు మీద క్రిమినల్ కేసు ఉందట, నమ్మాలా?

సందేహం: లాయరు గారూ, మాది నరసన్నపేట దగ్గర పల్లె. టీచరుగా రిటైరయ్యాను. మా అమ్మాయికి రాజాం నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం. మాకు బొత్తిగా ముఖపరిచయం లేనివాళ్లు. అందుకని ఆన్‌లైన్‌లో మనుషుల గురించి వాకబు చేసిపెట్టే ఒక కంపెనీకి 2,999 రూపాయలు కట్టి, అబ్బాయి బయోడేటా, ఆధార్ కాపీ పంపాను. 'క్రిమినల్ రికార్డు ఉంది, చిరునామా సరిపోలలేదు' అని ఎర్ర అక్షరాలతో రిపోర్టు వచ్చింది. ఇంకో 15,000 కడితే కాల్ రికార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా తెప్పిస్తామంటున్నారు. కేసు సంగతి మధ్యవర్తికి చెప్పి తాంబూలాలు ఆపేశాం. నేను చేసింది తప్పా? ఆ డబ్బు కట్టమంటారా?

జవాబు: మేష్టారూ, ఆ 15,000 మాత్రం కట్టకండి. కారణం తర్వాత చెబుతాను. ముందు రిపోర్టు సంగతి చూద్దాం.

మీరు పంపిన కాపీలో, ఆరో పేజీలో చిన్న అక్షరాల్లో ఒక సి.సి. నంబరు, అంటే కోర్టు కేసు నంబరు, ఉంది. 2019 నాటి కేసు, టెక్కలి కోర్టు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి చూశాను. పైసా ఖర్చు లేదు, పది నిమిషాల పని. ముద్దాయి పేరు అదే, ఇంటిపేరు మొదటి అక్షరం కూడా అదే. పేకాట కేసు, జరిమానాతో ముగిసిపోయింది. ఎఫ్ఐఆర్ తీసి చూస్తే తండ్రి పేరు వేరు. అప్పటికే ఆయన వయసు 51. మీరు పంపిన బయోడేటా ప్రకారం పెళ్లికొడుక్కి ఇప్పుడు 29 ఏళ్లు.

ఇలా ఎందుకు జరుగుతుందో మీకు వేరే చెప్పాలా? ఇన్నేళ్లూ హాజరు పట్టీలో పేర్లు పిలిచినవారు మీరు. అరసవల్లి స్వామి పేరు పెట్టుకున్న సూర్యనారాయణలు, సింహాద్రి అప్పన్న పేరుతో అప్పన్నలు, అప్పలరాజులు, విజయనగరం వైపు పైడితల్లమ్మ పేరుతో పైడిరాజులు మన దగ్గర వీధికి నలుగురు. ఒక్క సూర్యనారాయణనే ఇంగ్లిషులో ఒకరు కలిపి రాస్తారు, ఒకరు విడదీసి రాస్తారు, ఇంకొకరు ఒక అక్షరం ఎక్కువ వేస్తారు. కంప్యూటర్ పేరుకు పేరు కలిపి చూస్తుందే తప్ప తండ్రి పేరు, వయసు, ఊరు సరిచూసే ఓపిక ఎవరికీ లేదు.

చిరునామా గొడవ అంతకన్నా తేలిక. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మార్చినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. అబ్బాయి ఆధార్‌లో పాత జిల్లా ఉంది, బయోడేటాలో కొత్త జిల్లా రాశారు. దానికే ఎర్ర రంగు పూశారు.

ఇలాంటి వ్యాపారం బాగా ముదిరిన అమెరికాలోనూ ఇదే తంతు. ట్రూత్‌ఫైండర్, ఇన్‌స్టంట్ చెక్‌మేట్ అనే రెండు కంపెనీలు, ఉన్నది ట్రాఫిక్ జరిమానా లాంటి చిన్న విషయమే అయినా క్రిమినల్ రికార్డు ఉందన్నట్టు కస్టమర్లను నమ్మించాయని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2023 సెప్టెంబరులో ఆ కంపెనీలు 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. మన దేశంలో ప్రైవేటు డిటెక్టివ్ సంస్థలకు లైసెన్సులు పెట్టాలని 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు కానీ అది చట్టం కాలేదు. అంటే మీకు రిపోర్టు అమ్మినవాళ్లకు ఈ పని చేసే అర్హత ఉందో లేదో తేల్చి, లైసెన్సు ఇచ్చే అధికారి ఎవరూ లేరు.

ఇక ఆ 15,000. ఒక మనిషి కాల్ రికార్డులు దర్యాప్తు కోసం పోలీసులు, కోర్టులు పద్ధతి ప్రకారం తెప్పించుకోవాల్సినవి. బయట అమ్ముతున్నారంటే లోపలివాళ్లెవరో దొంగచాటుగా ఇస్తున్నారన్నమాట. అలా ఇచ్చినవారికి ఐటీ చట్టం 72ఎ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. డబ్బిచ్చి ఆ పని చేయించినవారి మీద ప్రేరేపణ కేసు వస్తుంది. 2018లో మహారాష్ట్రలో ఠాణే పోలీసులు కాల్ రికార్డుల అమ్మకం కేసులో ప్రైవేటు డిటెక్టివులనే అరెస్టు చేశారు. బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా అంతే. చాలాసార్లు వాళ్లు ఇచ్చేది అసలుది కూడా కాదు. ఈ వయసులో కూతురి పెళ్లి పేరుతో మీరు స్టేషన్ మెట్లు ఎక్కడం నేను చూడలేను.

తప్పు చేశానా అన్నారు. వాకబు చేయడం తప్పు కాదు. ముక్కూ మొహం తెలియని ఇంటికి పిల్లనిస్తూ ఆరా తీయని తండ్రి ఎవరుంటారు? బహిరంగంగా ఉన్న కోర్టు రికార్డు చూడటం మీ హక్కు. కానీ ఆధార్ కాపీ విషయంలో మాత్రం మీరు పొరపాటు చేశారు. వాళ్లు మిమ్మల్ని నమ్మి ఇచ్చిన కాగితం అది. అబ్బాయితో ఒక్క మాట అనకుండా దాన్ని అడ్రసు కూడా సరిగా లేని కంపెనీ చేతిలో పెట్టారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఇంటి అవసరానికి సమాచారం వాడుకునే వ్యక్తికి 2023 నాటి డేటా రక్షణ చట్టం వర్తించదు కాబట్టి మీకు దాని భయం లేదు. కంపెనీకి ఆ మినహాయింపు లేదు. 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, కంపెనీల మీద ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి వస్తాయి. అయినా ఇప్పుడే, ఆ కాపీలు చెరిపేసి చెరిపినట్టు రాసివ్వమని వాళ్లకు మెయిల్ పెట్టండి.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది మధ్యవర్తికి చెప్పడం. ఆ మాట ఈపాటికి రాజాం చేరే ఉంటుంది. లేని కేసు ఉందని పదిమందిలో అంటే భారతీయ న్యాయ సంహిత 356 సెక్షన్ కింద పరువునష్టం అవుతుంది, రెండేళ్ల వరకు శిక్ష. మంచి ఉద్దేశంతో, జాగ్రత్తపడి చెప్పానని మీరు వాదించుకోవచ్చు. కానీ సరిచూడకుండా చెప్పారు కదా, జాగ్రత్త ఎక్కడ పడ్డారని కోర్టు అడుగుతుంది.

సంబంధం మీద ఇంకా మనసుంటే వాకబు ఇలా చేయండి. ఈ-కోర్ట్స్‌లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలతోపాటు హైదరాబాద్, రంగారెడ్డి కోర్టుల్లో కూడా అబ్బాయి పేరు రెండు మూడు స్పెల్లింగులతో, ఏడాదికి ఏడాది వెతికించండి. దొరికితే తండ్రి పేరు కలిసేదాకా నమ్మకండి. కలిసినా కేసు ఉన్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. దొరకకపోతే నిశ్చింత అనీ అనుకోకండి. ఛార్జిషీటు పడని కేసు అక్కడ కనిపించకపోవచ్చు, భార్యాభర్తల కేసుల్లో పేర్లు దాచి ఉంచే వీలుంది. అందుకే మొదటి పెళ్లి ఏమైనా ఉందా అన్నది మొహమాటం లేకుండా ఎదురుగా కూర్చుని అడగండి. పాత పెళ్లి దాచి మళ్లీ పెళ్లి చేసుకుంటే న్యాయ సంహిత 82 సెక్షన్ కింద పదేళ్ల వరకు శిక్ష ఉందన్న సంగతి అందరూ తెలుసుకోవడం మంచిదే.

ఉద్యోగం నిజమో కాదో పీఎఫ్ పాస్‌బుక్ చెబుతుంది. ఏ కంపెనీ ఏ నెల ఎంత కట్టిందో అందులో ఉంటుంది. డిగ్రీ డిజిలాకర్‌లో చూపించమనండి. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అబ్బాయే స్వయంగా పెట్టుకోవచ్చు. ఇవన్నీ అతని చేత్తో అతనే తెరిచి చూపించాలి. మా అమ్మాయివి కూడా చూపిస్తామని మీరే ముందు అనండి, అడిగినట్టూ ఉండదు, అనుమానించినట్టూ ఉండదు.

కట్టిన 2,999 వదిలేయనక్కర్లేదు. రిపోర్టు, పేమెంట్ స్క్రీన్‌షాట్, వాట్సాప్ మాటలు జాగ్రత్తగా ఉంచండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. కాకపోతే 2019 వినియోగదారుల చట్టం కింద మీరుండే శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

అది నిదానంగా చూసుకోవచ్చు. ఇవాళ సాయంత్రమే మధ్యవర్తిని వెంటబెట్టుకుని రాజాం వెళ్లండి. ఫోన్‌లో వద్దు. కేసు వేరే మనిషిదని అబ్బాయి తల్లిదండ్రుల ముందు, మధ్యవర్తి వినేలా చెప్పండి. ఆధార్ కాపీ ఏ కంపెనీకి ఇచ్చారో దాచకండి. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోమని అబ్బాయికి చెప్పండి, ఐదు నిమిషాల పని.