ఐసీయూలో జింక్ కొలిచే ముందు

చిన్నా,

నీ థీసిస్ సంగతి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఐసీయూలో సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) పేషెంట్లకు సీరమ్ జింక్, అంటే రక్తంలో కణాలు తీసేశాక మిగిలే ద్రవంలోని జింక్, చూస్తావట, తక్కువున్న వాళ్లందరికీ జింక్ ఇస్తావట. మొదటి మాటకు మురిసిపోయాను. రెండో మాట విన్నాక నిద్ర పట్టలేదు.

శాంపిల్ జాగ్రత్తలు నీకు తెలిసినవే. బయటి జింక్ కలవని ట్రేస్ ఎలిమెంట్ ట్యూబ్ వాడు, సీరమ్ త్వరగా వేరుచెయ్యి, ఎర్రకణాలు పగిలి హీమోలైజ్ అయినది పారెయ్యి.

ఇక అసలు సంగతి. పెద్దవాళ్ల ఒంట్లో జింక్ 2, 3 గ్రాములుంటుంది, చాలావరకు కండల్లో, ఎముకల్లో. సీరమ్‌లో తిరిగేది అందులో వెయ్యో వంతు. ఇన్ఫ్లమేషన్‌లో, అంటే ఒళ్లు ఇన్ఫెక్షన్‌తోనో గాయంతోనో పోరాడేటప్పుడు, ఐఎల్-6 అనే సంకేత పదార్థం పెరగగానే లివర్ కణాల మీద జిప్14 అనే ట్రాన్స్‌పోర్టర్ పెరిగి, రక్తంలోని జింక్‌ను లోపలికి లాగేస్తుంది. లోపల మెటల్లోథయోనిన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టి ఉంచుతుంది. ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ హార్మోన్ కూడా ఆ ప్రోటీన్‌ను పెంచేదే. మరోపక్క న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వదిలే కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రోటీన్, సూక్ష్మజీవులకు జింక్ చిక్కకుండా చేస్తుంది. దొంగల భయంతో నగలు బీరువాలో పెట్టి తాళం వేస్తే, మెడలో గొలుసు లేదని ఇల్లు దివాలా తీసిందంటామా? పైగా సీరమ్ జింక్‌లో ఎక్కువ భాగం ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్‌ను అంటుకునే తిరుగుతుంది. నీ పేషెంట్లలో అదీ పడిపోయే ఉంటుంది.

నేను వార్డులో ఉన్న రోజుల్లో ఒకాయనకు ఆపరేషన్ తర్వాత జ్వరంలో తీసిన రిపోర్టులో జింక్ తక్కువ వచ్చింది. ఎవరో పెద్ద డోసు రాశారు, ఎప్పుడు ఆపాలో రాయలేదు. ఆ మాత్ర డిశ్చార్జ్ కాగితంలోకి ఎక్కింది, అక్కణ్నుంచి ప్రతి చీటీలోకీ ఎక్కింది. నెలల తర్వాత మనిషి తూలుతూ వచ్చాడు. హిమోగ్లోబిన్ తక్కువ, న్యూట్రోఫిల్స్ తక్కువ. బీ12 విటమిన్ లోపం అనుకున్నాం, బీ12 నిక్షేపంలా ఉంది. కాపర్ చూస్తే దాదాపు లేదు. జింక్ ఎక్కువైతే పేగు కణాల్లో మెటల్లోథయోనిన్ పెరుగుతుంది. అది కాపర్‌ను జింక్ కంటే గట్టిగా పట్టుకుంటుంది. ఆ కణాలు రాలిపోయినప్పుడు కాపర్ కూడా వాటితోపాటే పోతుంది. జింక్ ఆపి కాపర్ ఇస్తే రక్తం కోలుకుంది గానీ నడక పూర్తిగా రాలేదు. పాదం ఎక్కడ పడుతోందో కళ్లతో చూసుకుంటే తప్ప అడుగు వేయలేకపోయేవాడు, లైటు తీస్తే గోడ పట్టుకునేవాడు. అన్ని చీటీలు రాసిన అంతమంది డాక్టర్లలో ఈ మాత్ర ఎందుకని అడిగినవాడు ఒక్కడు లేడు. ఇప్పటికీ తలుచుకుంటే కోపం వస్తుంది.

జింక్ వద్దనడం లేదురా. కాలిన గాయాలు, ఫిస్టులా (పేగు నుంచి బయటికి పడ్డ దారి), వదలని విరేచనాలు ఉన్నవాళ్లకు జింక్ నిజంగానే ఒంట్లోంచి కారిపోతుంది. వాళ్లను వేరే గ్రూపు చెయ్యి. ప్రతి జింక్ అంకె పక్కనా అదే రోజు సీఆర్‌పీ (ఇన్ఫ్లమేషన్ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష), ఆల్బుమిన్ ఉండాలి. సీఆర్‌పీ దిగాక మళ్లీ కొలువు. కాపర్ చూశాంలే అని ధీమా పడకు, ఇన్ఫ్లమేషన్‌లో కాపర్‌ను మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్ పెరిగి ఆ అంకె బాగున్నట్టే కనిపిస్తుంది.

ఎథిక్స్ కమిటీకి ఇచ్చేముందు ప్రోటోకాల్ నాకు పంపు. మందు ఆపే తేదీకి కాలమ్ లేకపోతే ఊరుకోను. నైట్ డ్యూటీల్లో తిండి మానేస్తున్నావట, దానికి తిట్లు ఆదివారం ఫోన్‌లో.

నీ పెద్దమ్మ